వరస కలిపాకే టికెట్

మక్తల్ నుంచి మహబూబ్‌నగర్ పోయే మా ఎనిమిదీ పది బస్సు కోసం జనం ముందొచ్చిన ఎక్స్‌ప్రెస్‌ను వదిలేసుకుంటారు. ఇరవై ఆరేళ్లుగా స్టీరింగు పట్టుకున్న మనిషిగా చెబుతున్నాను, ఇది మంచి పద్ధతి కాదు. బస్సనేది ఊరు చేరడానికి. సగం సీట్లు ఖాళీగా ఉన్న ఎక్స్‌ప్రెస్‌కు చెయ్యి ఊపి సాగనంపి, నా పల్లెవెలుగులో కాళ్లు పీకేదాకా నిలబడి రావడమేమిటి?

నా డ్రైవింగు చూసి వస్తున్నారని మొదట్లో అనుకున్నాను. కాదు, నవనీత కోసం వస్తున్నారు.

నవనీత మా బస్సు కండక్టరు. ఈ రూటుకు వచ్చి నాలుగేళ్లు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు. వెనక మెట్టు దగ్గర అన్నది నా చెవిలో అన్నట్టే వినపడుతుంది. మొహంలో నవ్వు ఉండదు. మాట అనేసి టికెట్ మిషను వైపు తల వంచుకుంటుంది. జనం నవ్వుతున్నారా లేదా అని చూడదు. మిషను కిర్రుమని కాగితం బయటపెట్టే లోపల బస్సంతా గొల్లుమంటుంది. అప్పటికి తను పక్క సీటు దగ్గరికి పోయి ఉంటుంది.

నాకు నవ్వు పడదు. నవ్వు నాలుగు విధాల చేటని మా నాయిన అనేవాడు, నాకు అది బాగా వంటబట్టింది. అయినా అరవై కిలోమీటర్లు రోజూ నా వీపు వెనక జరిగే తతంగం కదా, వినక తప్పదు. విని విని నాకు ఒక సంగతి అర్థమైంది. ఆ పిల్ల ఎవరినీ ఊరికే ఒక మాట అనదు. ముందు వరస కలుపుతుంది.

మన దగ్గర ఎవరిని పడితే వాళ్లను ఆటపట్టించడానికి లేదు. బావను అనొచ్చు, మరదలిని అనొచ్చు, వదినెనైతే ఎంతైనా అనొచ్చు. తల్లినీ, పెద్దనాయిననూ అంటే పళ్లు రాలతాయి. అందుకని కొత్త మొహం ఎక్కిందంటే ముందు ఊరడుగుతుంది. ఆ ఊళ్లో తనకు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు, చిన్నమ్మో, మేనత్త తోడికోడలో. రెండు ప్రశ్నల్లో ఎదుటి మనిషి బావ అయిపోతాడు. బావ అయ్యాక ఇంక వాడి పని అయిపోయినట్టే.

పరశురాం అని ఎరువుల దుకాణం ఆయన ఉన్నాడు. తెల్లచొక్కా నలగకుండా ఇద్దరు కూర్చునే సీట్లో కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటాడు. ఇంకెవరైనా జరగమంటే గొడవే. నవనీత ఏమందో తెలుసా?

"బావా, చొక్కాకు ఇస్త్రీ చేయించినట్టే కాళ్లకు గూడ చేయించరాదు? జర మడతపెడితే ఇంకో మనిషి కూసుంటది."

అందరికంటే ముందు పరశురామే నవ్వాడు. నవ్వుకుంటూనే కాళ్లు దగ్గరికి తీశాడు. ఎవరిని అంటుందో ఆ మనిషే ముందు నవ్వాలి, అదీ ఆమె లెక్క. చిరుగుచొక్కా మనిషి ఎక్కితే చొక్కా జోలికి పోదు. నత్తి ఉన్నవాడితో మాట గురించి మాట్లాడదు. మనిషి మార్చుకోగలిగిన దాని మీదే ఆమె మాట పడుతుంది.

ఇంకోసారి మక్తల్ బస్టాండులో కిటికీలోంచి సీటు మీద టవలు పడింది. టవలు వేసినవాడు ఇంకా కింద చాయ్ తాగుతున్నాడు. సీటు కోసం ఇద్దరు ఆడవాళ్లు కొట్టుకునేంత పని చేస్తున్నారు. నవనీత టవలు రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"గీ టవలు ఎవలిది? ఆడదా, మగదా? ఆడదైతే ఆధార్ కార్డు చూపియ్యాలె, ఆడోళ్లకు పైసల్లేవు, జీరో టికెట్ కొడ్త. మగదైతే నలభై రూపాయల్ తియ్యాలె. ఉత్తగనైతే కూసోనియ్య."

చాయ్ తాగుతున్నవాడు పరుగెత్తుకొచ్చి టవలు భుజాన వేసుకుని నిలబడ్డాడు.

నన్ను మాత్రం అన్నా అంటుంది. అన్నను అనడానికి వీల్లేదు కదా, నేను గట్టెక్కాననుకున్నాను. అయితే అన్నకు పెళ్లాం ఉంటుంది, ఆమె వదినె అవుతుంది! నా భార్యను ఆ పిల్ల ఒక్కనాడూ చూడలేదు. అయినా మా ఇంటి సంగతులన్నీ బస్సుకు చెబుతుంది. "మా అన్నకు హారనే నోరు. ఇంట్ల వదినె వెనక నుంచి పిలిస్తే, పక్కకు జరిగి సైడ్ ఇస్తడంట." ఈ మాటకు ఒక వారం పాటు నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో చెబితే నా భార్యకు నవ్వి నవ్వి పొలమారింది. నిజమే కదా అంది.

అనూహ్య అనే డిగ్రీ పిల్ల మరికల్‌లో ఎక్కేది. చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోనులో ఎవరో మైకు పట్టుకుని నిలబడి జోకులు చెబుతుంటే చూసేది. ఒకరోజు తీగలు తీసేసింది.

"అక్కా, వీళ్లు టికెట్ పెట్టి నవ్విస్తున్నరు. నువ్వు టికెట్ ఇచ్చుకుంట నవ్విస్తున్నవు. మా కాలేజోళ్లం అందరం కలిసి ఆదివారం ఫంక్షన్ హాల్ల స్టాండప్ కామెడీ పెడుతున్నం. నీకు పది నిమిషాలు. రావాలె."

నవనీత ముందు కుదరదంది. తర్వాత చీర ఏది కట్టుకోవాలంది. వస్తున్నట్టే అని నాకు అర్థమైంది. అనూహ్య ఆమెకు జోకులు రాసిచ్చింది. అత్తాకోడళ్ల మీద ఒకటి, ఫోను చార్జరు మీద ఒకటి, హైదరాబాదు ట్రాఫిక్ మీద రెండు. బస్సు ఆగినచోటల్లా నవనీత అవి బట్టీ పట్టింది. మహబూబ్‌నగర్ బస్టాండులో నన్ను నిలబెట్టి అప్పజెప్పింది కూడా. నేను నవ్వలేదు. "నీకు చెప్పుడు దండుగన్నా" అంది.

ఇప్పుడు గోవిందమ్మ గురించి చెప్పాలి.

గోవిందమ్మ మరికల్ దాటాక ఒక ఊరి స్టాపులో ఎక్కుతుంది. యాభై ఏళ్లుంటాయి. మంగళ, గురు, శని, వారానికి మూడు రోజులు జిల్లా దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకుంటుంది. ఎడమచేతి నరం తాడులా ఉబ్బి ఉంటుంది, కొంగు కప్పుకుంటుంది. ఆమె ఎక్కగానే అందరూ లేచి సీటు ఇస్తారు. ఆమె మాత్రం నా వెనక సీటే ఎంచుకుంటుంది. నవనీత వచ్చి "అమ్మా, బాగున్నవా? పైలంగ కూసో" అని, మెత్తటి గొంతుతో జీరో టికెట్ చేతిలో పెట్టి పోతుంది. ఆ సీటు దాటాకే మళ్లీ నోరు తెరుస్తుంది. నాకు అది మంచి మర్యాదగానే కనిపించేది.

గోవిందమ్మకు అట్లా కనిపించలేదు. ఒక శనివారం, అంటే ఆ ఆదివారానికి ముందు రోజే, నా సీటు మీదికి వంగింది.

"దామోదరూ, నేనేం పాపం జేసిన? బస్సుల ఉన్నోళ్లనందర్ని అంటది. ఆఖరికి టవలును గూడ అంటది. నన్నొక్క మాట అనది."

"నీకు బాగలేదు గదమ్మా, అందుకని."

"బాగలేంది నా కిడ్నీలకు. చెవులకేమైంది? ఇంట్ల గూడ గిట్లనే ఉన్నది. నేను పోంగనే మాటలు బందు పెడతరు. కోడలు నాతోని జగడం పెట్టుకోక ఏడాదాయె. బతికున్న మనిషినా కాదా నేను?"

నేను గేరు మార్చాను.

"రేపు ఆ హాలుకు నేను గూడ వస్త. అంతమందిల నన్ను ఇడిచిపెట్టదు గద" అంది. దవాఖాన దగ్గర దిగిపోయింది. ఈ సంగతి నవనీతకు చెప్పాలని అనుకున్నాను. ఆడవాళ్ల మధ్య మనకెందుకులే అని ఊరుకున్నాను. నా తప్పు అక్కడే ఉంది, ఒప్పుకుంటున్నాను.

ఆదివారం నేను వీక్లీ ఆఫ్ పెట్టుకుని నా భార్యను తీసుకుని పోయాను. హాల్లో మూడు వందల మంది ఉంటారు. ముందు ఇద్దరు కాలేజీ పిల్లలు మాట్లాడారు. చప్పట్లు పడ్డాయి, నవ్వులు అక్కడక్కడ. తర్వాత నవనీత స్టేజి ఎక్కింది. యూనిఫారం లేదు, మిషను లేదు. ఒక చేతిలో మైకుంది, రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నడుము మీద పెట్టి, వెనక పెట్టి, చివరికి బస్సులో పట్టుకునే రాడ్డు కోసం పైకెత్తింది. రాడ్డు లేదు. అందరూ చూస్తున్నారు. ఆమె అత్తాకోడళ్ల జోకు మొదలుపెట్టాలి. నోరు తెరిచింది, మూసింది.

మొదటి వరసలో చేతులు కట్టుకుని ఒక లెక్చరరు కూర్చున్నాడు. నవనీత ఆయన వైపు చూసింది.

"సార్, మీదేవూరు?"

"హుజూర్‌నగర్" అన్నాడాయన.

"అరె! మా చిన్నమ్మనిచ్చిన ఊరే. పేరేంది?"

"బాలకృష్ణ."

"అయితే నువ్వు నాకు బావవైతవు. పక్కకున్నది మా అక్కనేనా? అక్కా, గీయన ఇంట్ల గూడ గిట్లనే చేతులు కట్టుకుని కూసుంటడా?"

"గిట్లనే" అంది ఆమె.

"మరి అన్నమెట్ల తింటడు?"

బాలకృష్ణ గబుక్కున చేతులు విప్పేశాడు. హాలు ఘొల్లుమంది. నవనీత ఆగలేదు, మైకుతోనే స్టేజి దిగి కుర్చీల దగ్గరికి వచ్చింది. "బావా, విప్పినవు, మంచిగనే ఉన్నది. నవ్వుకు గూడ జర విప్పరాదు, నవ్వు జీరో టికెట్టే" అంటూ ఒక్కొక్క కుర్చీ, ఒక్కొక్క ఊరు. ఆలంపూర్ నుంచి వచ్చిన పిల్లవాడు మేనల్లుడయ్యాడు. పోలీసు ఆయన మామ అయ్యాడు. మామ పొట్ట జోలికి ఆమె పోలేదు, ఆయన బెల్టు మీద పడుతున్న కష్టం గురించి మాత్రం బాధపడింది. నా పక్కన నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

మొదటి వరస చివర గోవిందమ్మ కూర్చుని ఉంది. పట్టుచీర కట్టింది. ఆమె భర్త మల్లేష్ పక్కన ఉన్నాడు. నవనీత ఒక్కో కుర్చీ దాటుతుంటే గోవిందమ్మ కొద్దికొద్దిగా ముందుకు జరుగుతోంది. బడిలో తన పేరు పిలుస్తారని కాచుకున్న పిల్లలాగే ఉంది. ఇక ఆమె వంతు వచ్చింది.

నవనీత గొంతు మెత్తబడింది. "అమ్మా, నువ్వు గూడ వచ్చినవా? బాగున్నవా?" అని చేతులు జోడించింది. రెండో వరసకు పోయింది.

గోవిందమ్మ వెనక్కి వాలింది. ఆ తర్వాత హాలు ఎంత నవ్విందో నేను వినలేదు, ఆమె మొహమే చూస్తూ ఉండిపోయాను.

పది నిమిషాల గంట కొట్టారు. నవనీత మైకు ఇచ్చేసి నా దగ్గరికొచ్చి తల పట్టుకుంది.

"ఇజ్జత్ పోయిందన్నా. ఒక్క జోకు గూడ చెప్పలే."

"మరి వాళ్లెందుకు నవ్విన్రు?"

"అది ఉత్త పలకరింపు గద!"

అనూహ్య అక్కడే ఉంది. పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుంది. "అక్కా, గదే కామెడీ. నేను రాసిచ్చిన కాయితం చింపెయ్యి" అంది. నవనీతకు నమ్మకం కలగలేదు. నేను చుట్టూ చూసేసరికి గోవిందమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

మంగళవారం ఆమె స్టాపు దగ్గర బ్రేకు వేశాను. గోవిందమ్మ నిలబడే ఉంది. నన్ను చూసి, పోపొమ్మని చెయ్యి ఊపింది. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోంది, దానికి చెయ్యి ఎత్తింది. మా బస్సును వదిలేసి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన మనిషిని నాలుగేళ్లలో మొదటిసారి చూశాను. పద్ధతి ప్రకారం చూస్తే నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

మహబూబ్‌నగర్‌లో బస్సు ఆగాక నవనీతను కూర్చోబెట్టి, శనివారం గోవిందమ్మ అన్నదంతా చెప్పేశాను. టవలు సంగతి కూడా చెప్పాను. నవనీత టికెట్ రోలును చుడుతూనే అంది.

"అన్నా, నేను గీ డ్యూటీకి రాకముందు మా అమ్మను గూడ గిదే రూటుల, గదే దవాఖానకు తీస్కపోయిన. రెండేండ్లు. ఒకరోజు పోయినం, మల్ల వచ్చేటప్పుడు నేనొక్కదాన్నే వచ్చిన. ఈమె మొదటిదినం బస్సెక్కినప్పుడు చెయ్యి మీద ఆ నరం చూడంగనే, అమ్మా అన్న. ఆలోచన చెయ్యలే, నోట్లకెళ్లి అట్ల వచ్చింది. ఇగ అమ్మ అన్నంక ఏమంట? నవ్వులాట ఎట్లాడుత?"

ఆమె మొహంలో అన్నేళ్లలో మొదటిసారి ఏడుపు చూశాను. నవ్వించేవాళ్లకు ఏడుపు ఉండదనుకోవడం మన తెలివితక్కువ.

"అయితే వరస మార్చు" అన్నాను.

"అట్ల మారుస్తరా ఎవరన్న?"

"బావలను రోజుకు ఇరవై మందిని తయారు చేస్తవు, నీకు తెల్వదా?" అన్నాను. నా జీవితంలో నేను వేసిన జోకు బహుశా అదొక్కటే. ఆమె నవ్వలేదు.

గురువారం స్టాపు రాకముందే నవనీత ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉంది. బస్సు ఆగగానే దిగిపోయింది. గోవిందమ్మ మళ్లీ పొమ్మని చెయ్యి ఊపబోతోంది.

"వదినే, బస్సెక్కు."

గోవిందమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. "ఎవలే నీకు వదినె? మొన్నటిదాంక అమ్మనంటివి."

"వరస మార్చిన."

"నన్నడిగినవా?"

"ఇప్పుడడుగుతున్న" అంది నవనీత. ఆ పొడుగు గొంతు చిన్నదైపోయింది. "అమ్మవైతే నాకు భయమైతది. ఒకసారి పోగొట్టుకున్న, మల్ల పోగొట్టుకునే ఓపిక లేదు. వదినెవైతే రోజూ జగడం పెట్టుకోవచ్చు."

బస్సులో ఎడమవైపు కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి. కుడివైపు వాళ్లు లేచి ఎడమవైపుకు వచ్చారు. అయిదు నిమిషాలు లేటు. నేను హారను కొట్టలేదు.

గోవిందమ్మ నడుము మీద చెయ్యి పెట్టింది. "అయితే ఒక మాట అను. చూస్త."

నవనీత తడబడింది. టికెట్ మిషను వైపు చూసింది, నేల వైపు చూసింది. తర్వాత తల ఎత్తింది.

"వారానికి మూడుసార్లు రక్తం ఉతికించుకుంటవు. నేను నా యూనిఫారం గూడ గన్నిసార్లు ఉతక. గంత సాఫ్ మనిషివి, మనసుల మురికెందుకు పెట్టుకున్నవు వదినే?"

ఎవరూ నవ్వలేదు. అనూహ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పరశురాం "అయ్యో" అన్నాడు. దవాఖాన మనిషిని అట్లా అనొచ్చా? ఇంజను ఒక్కటే గురగురమంటోంది.

గోవిందమ్మ ఒకడుగు ముందుకేసింది.

"నా రక్తం ఉతికే మిషన్ ఉన్నది గని, నీ నోరు ఉతికే మిషన్ ఏ దవాఖానల లేదే!"

అని ఆమే ముందు నవ్వింది. కొంగు జారిపోయి ఎడమచెయ్యి బయటపడినా పట్టించుకోకుండా, కరెంటు స్తంభం పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత బస్సు నవ్విన నవ్వుకు అద్దాలు ఊగాయి. నేను కూడా నవ్వానని అనూహ్య అందరికీ చెబుతోంది. గొంతులో దుమ్ము పడితే దగ్గాను, అంతే.

నవనీత ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కించింది. నా వెనక సీట్లో కూర్చున్నాక గోవిందమ్మ ఇంకా ఆయాసపడుతూనే అడిగింది.

"వదినెనంటే ఉత్తగ కాదు. ఆడిబిడ్డను పుట్టింటికి పిలిచి ఒళ్లె ఒడిబియ్యం పొయ్యాలె. నీకు ఎన్నడు పోసిన్రు?"

"అమ్మున్నప్పుడు పోసింది. నాలుగేండ్లాయె" అంది నవనీత. "ఇగ పోసేటోళ్లు ఎవరున్నరు? అన్నలు లేరు, తమ్ముళ్లు లేరు."

"నాలుగేండ్లాయెనా? అయితే వచ్చే ఏడు ఐదో ఏడు. బేసి సంవత్సరంలనే పొయ్యాలె, మంచిగ కుదిరింది. మీ అన్నతోని చెప్త." మీ అన్న అంటే మల్లేష్, భర్త పేరు ఆమె నోట రాదు. "వచ్చే మాఘంల మా ఇంటికి రా. ఐదు శేర్ల బియ్యం, రవికె, చీర. నా చేతితోనే పోస్త."

వచ్చే మాఘం. ఆమె ఇంట్లో వచ్చే నెల గురించే ఎవరూ గట్టిగా మాట్లాడరని నాకు తెలుసు. ఆమె మాత్రం కూరగాయల బేరం ఆడినట్టు వచ్చే ఏడాది గురించి మాట్లాడుతోంది. అద్దంలో చూశాను. నవనీత మిషను పట్టుకుని నిలబడింది, ఏ బటనూ నొక్కడం లేదు.

"ఏమే ఆడిబిడ్డా, మూగదానివైతివి? చీర ఏ రంగుది కావాలె? ఇప్పుడే చెప్పు. రేపు ఒడిబియ్యం పోసేటప్పుడు నన్ను అడగలేదని అలిగితే బాగుండదు."

నవనీత ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

"పచ్చది" అంది. "ఎర్రంచుది. అంచు పెద్దగుండాలె."